గోల్‌కీపర్ ముందుకు రావడం తప్పా?

 

పోయిన నెల మన గోడ పత్రికలో హాకీ మ్యాచ్ గురించి ఒక వ్యాసం వచ్చింది. పదో తరగతికి అన్యాయం జరిగిందనీ, పీఈటీ సారు మా మీద పెనాల్టీ స్ట్రోక్ ఇవ్వడం తప్పనీ అందులో రాశారు. మెస్సుకి పోయే దారిలో కంచాలు పట్టుకుని అందరూ ఆగి మరీ చదివారు. రాసిన మిత్రుడు నా పక్కన పడుకునేవాడే. నా మీద అభిమానంతోనే రాశాడు. కాని దానికి జవాబు నేనే రాయాల్సి వస్తోంది. ఎందుకంటే ఆ గోల్‌కీపర్‌ని నేనే.

ముందుగా జరిగింది చెప్తాను. చూడనివాళ్ళు కూడా ఉన్నారు కదా. స్కోరు 1-1. ఇంకో నాలుగైదు నిమిషాల్లో ఆట అయిపోతుంది. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు సెంటర్ లైను దగ్గర బంతి లాక్కుని ఒక్కడే వచ్చేశాడు. మా బ్యాకులిద్దరూ వెనకబడిపోయారు. ఇక మిగిలింది వాడూ, నేనూ. నేను గోల్ వదిలి ముందుకు ఉరికాను. డి లోపల ఇద్దరం కలుసుకున్నాం. నేను కాళ్ళు చాచి జారాను. వాడు పడిపోయాడు. సారు ఈల వేసి స్ట్రోక్ ఇచ్చారు. దాన్ని నేను ఆపలేకపోయాను. 2-1తో ఓడిపోయాం.

మా వాళ్ళు చెప్పే మాటలు మూడు. ఒకటి, ముందుకు రావడం గోల్‌కీపర్ పని. రెండు, బంతి నా ప్యాడ్‌కి తగిలింది. మూడు, నేను కావాలని కొట్టలేదు. ఈ మూడూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. గీత మీద నిలబడి చేతులు చాచితే రెండు పక్కలా బోలెడు జాగా మిగిలిపోతుంది. ముందుకొస్తే ఆ జాగా తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు స్టడీ అవర్లో లాంతరు పెడతాం కదా. గోడకి ఆనుకుని నిలబడితే మన నీడ మనంతే ఉంటుంది. లాంతరు దగ్గరికి వెళ్ళేకొద్దీ నీడ పెరిగి గోడంతా కమ్మేస్తుంది. గోల్‌కీపర్ లెక్క కూడా అదే. బంతి దగ్గరికి వెళ్ళేకొద్దీ వెనకున్న గోల్‌ని ఎక్కువ మూస్తాడు. గీత మీదే నిలబడిపోయేవాడు మంచివాడు కావచ్చు గాని మంచి గోల్‌కీపర్ కాదు.

2024లో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మన ఇండియాకీ, గ్రేట్ బ్రిటన్‌కీ ఆట 1-1తో ముగిసి షూటవుట్‌కి పోయింది. షూటవుట్ అంటే ఇప్పుడు మనం మాట్లాడుకునేదే. 23 మీటర్ల గీత దగ్గర బంతితో ఒక్కడు, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడు, ఎనిమిది సెకన్ల టైము. ఈల పడగానే మన శ్రీజేష్ గీత మీద కూర్చోలేదు. ముందుకొచ్చి దారి మూశాడు. 4-2తో మనం గెలిచాం. అంటే ముందుకు రావడం తప్పు కాదు. ఎవరైనా తప్పంటే నేను ఒప్పుకోను.

మరైతే తప్పెక్కడ? రెండో మాటలో ఉంది. బంతి నా ప్యాడ్‌కి తగిలిన మాట నిజమే. కాని ఎప్పుడు తగిలింది? ముందు నా కుడి ప్యాడ్ తమ్ముడి చీలమండకి తగిలింది. వాడు ఒరిగాడు. ఆ తర్వాత బంతి నా ఎడమ ప్యాడ్ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. గోల్ వెనక కూర్చున్నవాళ్ళకి ఇది కనపడలేదు. కాని నాకు తెలుసు, వాడికి తెలుసు, ఈల పట్టుకున్న సారుకి తెలుసు. శరీరం తగలకుండా బంతిని ఆడగలిగే స్థితిలో ఉంటేనే టాకిల్ చేయాలని హాకీ రూలు. గోల్‌కీపర్‌కి ప్యాడ్లతో తన్నే హక్కు ఇచ్చారు. ఆ హక్కు బంతిని తన్నడానికే గాని మనిషిని తన్నడానికి కాదు.

మూడో మాట, కావాలని కొట్టలేదని. మన హాస్టల్లో చాలామందికి ఇక్కడే పొరపాటు ఉంది. కావాలని చేస్తేనే స్ట్రోక్ ఇస్తారని అనుకుంటున్నారు. అది సగమే నిజం. డి లోపల బంతి ఉన్నవాడి మీద కావాలని తప్పు చేస్తే స్ట్రోక్. అలాగే కావాలని చేయకపోయినా, ఆ తప్పు వల్ల పడబోయే గోల్ ఆగిపోతే కూడా స్ట్రోకే. తెలియక చేసిన తప్పు అయ్యి, గోల్ పడే అవకాశం అంతగా లేకపోతే పెనాల్టీ కార్నర్. మరి ఆరోజు నా వెనకాల ఎవరున్నారు? ఎవరూ లేరు. ఖాళీ గోల్. వాడు పడకపోతే నన్ను దాటి మెల్లగా తోసినా గోలే. కాబట్టి 6.40 మీటర్ల నుంచి స్ట్రోక్ ఇవ్వడం న్యాయం. సారు నా మనసులో ఏముందో చూడలేదు, ఏం జరిగిందో చూశారు. అంపైర్ చేయగలిగింది కూడా అంతే.

అదే పారిస్ మ్యాచ్‌లో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కి 17వ నిమిషంలో రెడ్ కార్డు ఇచ్చారు. ఆయనది ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా. ఆయన కర్ర ప్రత్యర్థి మొహానికి తగిలింది. కావాలని కాదని మనవాళ్ళు అన్నారు, అప్పీలు కూడా చేశారు. ఫలితం రాలేదు. మిగతా ఆటంతా ఇండియా పది మందితోనే ఆడింది. జర్మనీతో సెమీఫైనల్లో ఆయన లేడు, 3-2తో ఓడిపోయాం. ఆ కార్డు గురించి ఎవరి అభిప్రాయం వారిది. కాని ఒకటి మాత్రం తెలుస్తోంది. మొహానికి తగిలిన తర్వాత “నేను కావాలని చేయలేదు” అన్న మాట ఒక్కటీ సరిపోదు.

ఇప్పుడు అంపైర్ ఈల వేయకపోతే ఏమవుతుందో చూద్దాం. ఇది హాకీ కాదు, ఫుట్‌బాల్. అయినా సంగతి ఒకటే. 1982 జులై 8న స్పెయిన్ దేశంలోని సెవిల్లెలో ప్రపంచ కప్ సెమీఫైనల్ జరిగింది. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ ఆడుతున్నాయి. అప్పుడు స్కోరు మనలాగే 1-1. ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ ఒక్కడే బంతితో దూసుకొచ్చి కొట్టాడు. బంతి గోల్ పక్కనుంచి పోయింది. కాని జర్మనీ గోల్‌కీపర్ షుమాకర్ ఆగలేదు. ఎగిరి వచ్చి ఒంటితో ఆయన మొహం మీద గుద్దాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు. పళ్ళు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు, కార్డు చూపలేదు. గోల్ కిక్ ఇచ్చి ఆట సాగించాడు.

ఎక్స్‌ట్రా టైం తర్వాత 3-3 అయింది. పెనాల్టీల్లో షుమాకరే రెండు ఆపాడు. 5-4తో జర్మనీ గెలిచింది. రూలు ప్రకారం గెలుపు గెలుపే. కాని నలభై ఏళ్ళు దాటినా ఆ మ్యాచ్ పేరెత్తితే జనం ముందు చెప్పేది ఆ దెబ్బ గురించే. ఆయన ఆపిన రెండు పెనాల్టీలు తర్వాత గుర్తొస్తాయి. పీఈటీ సారు కంప్యూటర్ గదిలో ఆ వీడియో చూపించినప్పుడు నాకు అన్నం సయించలేదు. ఆరోజు సారు ఈల వేయకుండా ఉంటే మేం గెలిచేవాళ్ళమేమో. కాని ఆ గెలుపు నా మెడకి చుట్టుకునేది.

మిత్రులారా, ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. తమ్ముడి చీలమండ వాచిపోయి పది రోజులు సిక్ రూంలో ఉన్నాడని మీకు తెలుసు. అయిదో రోజే జోనల్ సెలక్షన్. దానికి వాడు పోలేకపోయాడు. నేను పోయాను, సెలక్ట్ అయ్యాను. ఆ ఆదివారం వాళ్ళ నాన్న కొండ దిగి చూడ్డానికొచ్చాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. “కాలికేటైంది బాబూ?” అని ఆయన అడిగితే, వీడు నా వైపు చూసి, “నేనే జారి పడ్డాను నాన్నా” అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా క్లాసంతా నాకు అన్యాయం జరిగిందని గోడ మీద రాస్తుంటే, నిజంగా అన్యాయం జరిగినవాడు నన్ను కాపాడాడు.

మంచు మీద ఆడే ఐస్ హాకీలో ఒక పద్ధతి ఉందని పుస్తకంలో చదివాను. గోల్‌కీపర్ ఎవరినైనా పడగొడితే రెండు నిమిషాల శిక్ష పడుతుంది. కాని గోల్‌కీపర్ గోల్‌లోనే ఉంటాడు. ఆ రెండు నిమిషాలూ అతని జట్టులో ఇంకొకడు పోయి బయట కూర్చుంటాడు. భలే రూలు అని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. మన దగ్గరా అదే జరిగింది. తప్పు నాది, సిక్ రూంలో కూర్చున్నది తమ్ముడు. మా మీద పడింది ఒక్క స్ట్రోక్. వాడి మీద పడింది ఒక సంవత్సరం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ముందుకు రావడానికి శిక్ష ఉండకూడదు. బంతి కంటే ముందు మనిషిని తాకితే, కావాలని అయినా కాకపోయినా, శిక్ష ఉండి తీరాలి. లేకపోతే చిన్న తరగతుల పిల్లలు ఒంటరిగా బంతి తేవడమే మానేస్తారు. అప్పుడు ఆట ఎవరితో ఆడతాం?

తోటి గోల్‌కీపర్లకి ఒక మాట. వస్తే మొదటి అడుగులోనే రండి. సగం దూరం వచ్చాక ఆలస్యమైందని తెలిస్తే జారకండి. కాళ్ళ మీదే నిలబడి, కర్ర నేలకి ఆనించి, వాడిని పక్కకి తిప్పండి. ఈలోగా బ్యాకులు వచ్చేస్తారు. నేను చేయాల్సింది అదే, చేయలేదు. మన గ్రౌండు గడ్డి కాదు, గులకరాళ్ళు. పడినవాడికి దెబ్బ రెండింతలు.

పీఈటీ సారుకి, వార్డెన్ గారికి నా మనవి. ఆ తమ్ముడికి ఇప్పుడు కాలు బాగుంది, పరిగెడుతున్నాడు. జోనల్ పోటీలకి ఇంకా రోజులున్నాయి. వాడికి మళ్ళీ ఒకసారి ట్రయల్ పెట్టించమని పైవాళ్ళని అడగండి. జాగా లేదంటే నా జాగా ఖాళీ చేస్తాను. వచ్చే ఆదివారం వాళ్ళ నాన్న వస్తే, వాడి కాలికి ఏమైందో నేనే చెప్తాను.

పోయిన నెల వ్యాసం రాసిన మిత్రుడు కోపగించుకోవద్దు. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
మీ గోల్‌కీపర్,
పదో తరగతి.