సరిహద్దు తెలుగు ప్రేక్షకుడు ఏ లెక్కలోకి వస్తాడు?

టెలివిజన్ ప్రసారం ప్రసారకర్త మేధాసంపత్తి అయినప్పుడు, దాని అమ్మకానికి షరతులు విధించే అధికారం ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఉంటుందా? ఈ వివాదానికి సర్వోన్నత న్యాయస్థానం 2018 అక్టోబరు 30న తెరదించింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 37వ సెక్షను తమకు ఇరవై ఐదేళ్ల ప్రత్యేక హక్కు కల్పించినందున, ట్రాయ్ తమ ధరల జోలికి రారాదని స్టార్ ఇండియా, విజయ్ టెలివిజన్ సంస్థలు వాదించాయి. మద్రాసు హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు వెలువరించగా, మూడవ న్యాయమూర్తి ట్రాయ్ పక్షం వహించారు. సుప్రీంకోర్టు దానినే ఖరారు చేసింది. ప్రజాహితం దృష్ట్యా ధరలు, పంపిణీ షరతులు ట్రాయ్ పరిధిలోనివేనని, రెండు చట్టాలకు ఘర్షణ ఏర్పడితే ట్రాయ్ చట్టానిదే పైచేయి అని స్పష్టం చేసింది.

ఈ తీర్పు మన జిల్లాలకూ మేలు చేసింది. ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం, చానలు ప్రసారాలను కోరిన ఆపరేటరుకు వివక్ష లేకుండా ఇచ్చి తీరాలి. హోసూరు ఆపరేటరు అడిగితే హైదరాబాదు చానలు కాదనజాలదు.

అయితే ఇవ్వడం ఒక ఎత్తు, ప్రసారం చేయడం మరొక ఎత్తు. ఆపరేటరు ‘లక్షిత మార్కెట్టు’లో ఒక చానలు చందాదారులు వరుసగా ఆరు నెలలపాటు సగటున 5 శాతానికి లోబడి ఉంటే, ఆ చానలును తొలగించే వెసులుబాటు అవే నిబంధనలలో ఉన్నది. ఆ మార్కెట్టు ఒక రాష్ట్రాన్ని మించరాదని 2020లో సవరించారు కాని, రాష్ట్రమంతటినీ ఒకే మార్కెట్టుగా ప్రకటించుకోవడానికి అభ్యంతరం లేదు. చిక్కంతా ఇక్కడే. తమిళనాడు అంతటా పది లక్షల కనెక్షన్లు గల ఆపరేటరు వద్ద నలభై వేల కుటుంబాలు ఒక తెలుగు చానలును కోరుకున్నాయనుకుందాం. రాష్ట్రం లెక్కలో అది 4 శాతమే. హోసూరు పరిసరాలలో మాత్రం ప్రతి రెండవ ఇల్లూ కావచ్చు. బళ్లారి, రాయగడ, సిరొంచలకూ ఇదే గణితం వర్తిస్తుంది. పేరుమోసిన వినోద చానళ్లకు ఈ ముప్పు స్వల్పమే, వ్యాపారమే వాటిని కాపాడుతుంది. దెబ్బ తగిలేది చిన్న వార్తా చానళ్లకు, పిల్లల చానళ్లకు.

స్థానిక కేబుల్ చానలు ఈ లోటు తీర్చగలదా? వార్తలకైతే తీర్చవచ్చు. తెలుగు చలనచిత్రాలు వేయాలంటే మాత్రం హక్కుదారు లైసెన్సు తప్పనిసరి. కేబుల్ నిబంధనలు 1994 నుండి ఆ మాటే చెబుతున్నాయి. ఆపరేటరు రిజిస్ట్రేషను ఆ లైసెన్సుకు బదులు కాదు. చందాదారులు కొద్దిమందే గల ఊరి చానలుకు ఆ హక్కుల ధర సులభంగా అందేది కాదు.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉన్నది. ఆపరేటర్ల సొంత చానళ్ల విషయమై కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2022 నవంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. రాష్ట్రస్థాయి పరిమితికి అదనంగా, స్థానిక అవసరాల కోసం జిల్లాకు రెండు చానళ్ల చొప్పున అనుమతించింది. అంటే భాషాభిరుచులు జిల్లాకొక తీరుగా ఉంటాయని ప్రభుత్వం ఒప్పుకున్నట్లే. అదే కొలమానం 5 శాతం లెక్కకు ఎందుకు పనికిరాదు? కనీసం సరిహద్దు జిల్లాలనైనా ప్రత్యేక మార్కెట్టుగా పరిగణించడం న్యాయం. ట్రాయ్ నిబంధనలను మార్చే ముందు సంప్రదింపు పత్రం ప్రకటించి అందరి అభిప్రాయాలనూ కోరుతుంది. ప్రసార సంస్థలు, పెద్ద ఆపరేటర్లతో పాటు మన తెలుగు సంఘాలూ జిల్లాల వారీ చందా వివరాలు జతపరచి ఈ కోరికను లిఖితపూర్వకంగా పంపవచ్చు.