జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టాలి?

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందని సామెత. మన బడుల్లో చదివే ఆడపిల్లల విషయంలో మాత్రం ఈ సామెత చెల్లదు. జుట్టు పిల్లదే, కొప్పు ఎలా ఉండాలో నిర్ణయించేది బడి. నడినెత్తిన పాపిడి తీసి, రెండు జడలు అల్లి, పైకి మడిచి, చెవుల పక్కన యూనిఫాం రంగు రిబ్బన్లతో బిగించి కట్టుకు రావాలన్న నియమం తెలుగునాట ఎన్నో ప్రభుత్వ, ప్రైవేటు బడుల్లో ఏళ్ల తరబడి నడుస్తోంది. పాఠ్యపుస్తకాల్లోని స్త్రీల చిత్రణ గురించి మనం చాలా రాశాం, మాట్లాడాం. పుస్తకం తెరవకముందే పిల్ల తలమీద మొదలయ్యే ఈ పాఠాన్ని మాత్రం పట్టించుకోలేదు.

ఇదేమంత పనా అనేవారు ఒకసారి చేసి చూడాలి. నూనె రాయాలి, చిక్కు తీయాలి, వెనకవైపు పాపిడి వంకర పోకుండా దువ్వెన కొసతో గీయాలి. ఒక్కో భాగాన్ని మూడు పాయలుగా విడదీసి అల్లాలి. సగంలో రిబ్బను కలపాలి. కొసను మడిచి మొదట్లో ముడి వేసి, రెండూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూడాలి. చిన్నపిల్ల తనంతట తాను చేసుకోగలిగింది కాదిది. ఇంకొకరి చేతులు కావాలి. ఆ చేతులు తల్లివో, అమ్మమ్మవో, అక్కవో అయి ఉంటాయి. తండ్రివి కావడం అరుదు.

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఇంట్లోవారి సంరక్షణ చేసేవారిలో స్త్రీలు 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు వెచ్చించారు. ఇలాంటి సర్వేల వర్గీకరణలో స్త్రీ తన జడ తాను వేసుకుంటే అది సొంత అవసరం, కూతురికి వేస్తే అది సంరక్షణ శ్రమ. ఇదే పని పెళ్లికూతురికి బ్యూటీ పార్లర్లో చేస్తే దానికో రేటుంటుంది. ఇంట్లో చేస్తే ప్రేమ అంటారు. ప్రేమ కాదని ఎవరూ అనడం లేదు. తల్లీకూతుళ్లు తీరిగ్గా మాట్లాడుకునేది ఆ కాసేపే అయిన ఇళ్లున్నాయి. కానీ గంట కొట్టేలోగా, తనిఖీకి నిలిచేలా వేయాల్సి వచ్చినప్పుడు ఆ ప్రేమే పనిగంటగా మారుతుంది.

మిరపకోతల కాలంలో తెల్లవారకముందే కూలి ఆటో ఎక్కే తల్లి ఎప్పుడు జడ వేస్తుంది? చెల్లెలికి అక్క వేస్తుంది. అక్కకు ఎవరు వేస్తారు? ఒంటిజడతో వచ్చిన ఆ పిల్ల ప్రార్థన వేళ బయట నిలబడుతుంది. బడి దీన్ని క్రమశిక్షణ అంటుంది. నిజానికి అది తల్లి పేదరికానికి కూతురికి వేసిన శిక్ష. పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. జడ సరిగా లేదని అందరిముందు నిలబెట్టి అవమానించడం వేధింపు కాక మరేమిటి?

హాస్టళ్లలో తల్లి ఉండదు. తెల్లవారుజామున ఒకరి వెనక ఒకరు వరసగా కూర్చుని ఒకరికొకరు జడలు వేసుకుంటారు. ఆ వరసలో స్నేహం ఉంది, కోల్పోయిన నిద్రా ఉంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ల ఆడపిల్లల కాస్మెటిక్ చార్జీలను 7వ తరగతి వరకు నెలకు 55 రూపాయల నుంచి 175కు, 8 నుంచి 10 తరగతుల వారికి 75 నుంచి 275కు పెంచింది. మంచిదే. అంతకుముందు నూనె, సబ్బు అన్నీ కలిపి 55 రూపాయల్లో సరిపెట్టుకుంటూనే ఆ పిల్లలు నిగనిగలాడే రెండు జడలతో కనిపించాల్సి వచ్చిందని మరవకూడదు.

పేలు పడతాయనీ, శుభ్రత కోసమనీ ఒక సమాధానం ఉంది. పేలు తలకు తల తగలడం వల్ల పాకుతాయి. వాటిని వదిలించేది పేలదువ్వెన, మందు, తలస్నానానికి చాలినన్ని నీళ్లు. నీళ్లు లేని చోట తడి ఆరకుండానే బిగించి మడిచిన జడ శుభ్రతను పెంచదు. జుట్టు మొహం మీద పడకూడదంటే ఒంటిజడ చాలు, కత్తిరించుకున్న జుట్టూ చాలు. కాబట్టి ఈ నియమం వెనక శుభ్రత ఒక్కటే లేదు. విరబోసుకున్న జుట్టంటే మన సమాజానికి ఉన్న భయం ఉంది. ఆడపిల్ల ఒద్దికగా ఉందనడానికి అది బిగించి కట్టిన గుర్తు.

రెండు జడలు వద్దని మనం ఇంకో నియమం పెట్టనక్కర్లేదు. ఇష్టమైన పిల్ల రిబ్బన్లు కట్టుకుని మురిసిపోనీ. అడగాల్సింది ఇది: జుట్టు చెదరకుండా ఉంటే చాలు, ఎలా కట్టుకోవాలో పిల్లకే వదలాలి. జడ పేరుతో శిక్షలు ఉండకూడదు. పిల్ల ఒప్పుకోకుండా జుట్టు కత్తిరించకూడదు. హాస్టల్లో తలస్నానానికి నీళ్లు, ఆరబెట్టుకోవడానికి సమయం ఇవ్వాలి. తండ్రులూ అన్నలూ జడ వేయడం నేర్చుకోవాలి. మూడు పాయల అల్లిక మగచేతులకు అందని విద్యేమీ కాదు.

సంఘాల్లో పనిచేసే మిత్రులు ఈసారి బడికో హాస్టలుకో వెళ్లినప్పుడు మరుగుదొడ్లు, భోజనం గురించి అడిగే ప్రశ్నలతో పాటు ఇదీ అడగండి: ఉదయం ఎన్నింటికి లేచావు, నీ జడ ఎవరు వేశారు? ఉపాధ్యాయుల ఎదుట కాకుండా, పిల్లలనే విడిగా అడగండి.