స్తంభనమా? సమాప్తియా?



ఈ నడుమ మీ వ్యాసపుస్తకములు దిద్దుచుండగా "వాన స్తంభించినది", "పాఠము స్తంభించినది" అను వాక్యములు మా కంటబడినవి. వ్యాకరణదోషము లేదు గాని, పదమునకు అన్యాయము జరిగినది. తెలుగున వాన వెలియును, పాఠము ముగియును, బండి ఆగును. స్తంభించుట వేరు. కదలగలిగినది, కదలవలసినది, అడ్డు తగిలి బొత్తిగా నిలిచిపోవుటయే స్తంభనము.

స్తంభము, స్తంభనము ఒక్క సంస్కృత ధాతువునుండి పుట్టినవి. స్తంభమునకు మన వికృతి కంబము. మన తమిళ సోదరులును కంబమనియే యందురు. భారతమున దుర్యోధనుడు జలస్తంభన మొనర్చి మడుగున దాగెను. ఆ నీరు ఇంకిపోలేదు, చలనము మాత్రమే ఉడిగినది. పాండవులు పిలిచి నిందింపగా ఆతడు వెలికి వచ్చెను. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనప్పుడు జనజీవనము స్తంభించినదనుట తగిన ప్రయోగము. బస్సులు, రైళ్లు, బడులు నిలిచినవి; పిదప మరల కదలినవి. ఇరుపక్షములు పట్టు విడువక చర్చలు నిలిచిపోయినచో దానిని ప్రతిష్టంభన యందుము.

ఈ భేదము పరీక్షలో మార్కుల కొరకు మాత్రమే చెప్పుటలేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముచే తమిళము తప్పనిసరి భాషయైనది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. తమిళము నేర్చుట మేలే. ఈ నేలపై బ్రతుకువారికి అది అవసరము కూడ. కాని నాటినుండి "ఇక మన ప్రాంతమున తెలుగు చదువు ముగిసినది" అని పెద్దలు కొందరు నిట్టూర్చుట వినుచున్నాము.

పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఈ కారిమంగళం ప్రాంతమున తెలుగు చెప్పుచున్న మేము ఆ మాట నొప్పుకొనము. ఇంట అవ్వ పలుకు తెలుగు వినబడుచుండగా, మీ చేత కలముండగా, ముగిసినదనుట పొరపాటు. మిక్కిలి కఠినముగా చెప్పవలసివచ్చినను స్తంభించినదనుడు. ముగిసినదానికి మందు లేదు, స్తంభించినదానికి కలదు. అడ్డు తొలగించుటయే ఆ మందు. దినమునకొక పుట చదువుడు, వారమునకొక జాబు తెలుగున వ్రాయుడు. కదలించు పని మీది. దిద్దు పని మాది.