వాటి పాటికి అవే సర్దుకుంటాయా?

పోయినేడు మా గూట్లో నాలుగు కోడిపిల్లలు చచ్చిపోయాయి. జబ్బు చేసి కాదు, గద్ద తన్నుకుపోయీ కాదు. మా పాత పెట్టలే పొడిచాయి. పొడిచింది అవే అయినా తప్పు నాదేనని ఇప్పుడు నాకు తెలుసు. నాలాగే కొత్త పిల్లల్ని కొని తెచ్చుకునే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు కాబట్టి, ఆ తప్పేంటో చెప్పాలనిపించింది.

మాది పెద్దమండ్యం. వానలు పడితే చెనిక్కాయ పంట, పడకపోతే మబ్బుల వైపు చూడ్డం. బోర్లో నీళ్లున్నవాళ్లు టమోటా పెట్టి మదనపల్లె మార్కెట్టుకు తోలతారు. మా ఇంట్లో ఆ లెక్కలన్నీ మగవాళ్లవి. కోళ్ల డబ్బు మాత్రం నాది. గుడ్లు అమ్మినా, పండక్కి పుంజును అమ్మినా ఆ నోట్లు పోపుల డబ్బాలోకే పోతాయి. పాపకు నోటు పుస్తకాలు కొనాలన్నా, పుట్టింటికి పోవడానికి బస్సు చార్జీ కావాలన్నా ఎవరినీ అడగకుండా అందులోంచే తీస్తాను. నాలుగు పిల్లలు పోతే ఇంత బాధా అని మా ఆయన నవ్వాడు గానీ, నాకది నవ్వులాట కాదు.

జరిగింది ఇది. మాకు అప్పటికే ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. గుడ్లు ఎక్కువ పెడతాయని పదిహేను గ్రామప్రియ పిల్లల్ని కొన్నాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరట్లో పెంచుకోవడానికే తయారుచేసిన రకం అది. వనరాజా కూడా వాళ్లదే. వసారాలో అట్టపెట్టె పెట్టి, బల్బు వేసి, కొక్కెర తెగులు రాకుండా చుక్కలు వేయించి నెల దాటించాను. ఒక్కటీ పోలేదు. ఐదో వారానికి రెక్కలొచ్చాయి, పెట్టె చాలలేదు, ఇంట్లో వాసన మొదలైంది. ఒక సాయంత్రం అన్నిటినీ తీసుకుపోయి పెద్ద కోళ్ల గూట్లో వదిలేశాను.

పెట్టలు వెంటనే పొడవడం మొదలుపెట్టాయి. నేను భయపడి పిల్లల్ని బయటికి తీయబోతే మా అత్త ఆపింది. "వొదిలెయ్ మ్మే. రెండు దినాలు పొడుస్తాయి, మూడో దినం కలిసిపోతాయి. వాటి పాటికి అవే సర్దుకుంటాయి" అంది. నలభై ఏళ్లుగా కోళ్లు సాకిన మనిషి. నమ్మి గూటి తలుపేశాను. తెల్లారి చూస్తే రెండు పిల్లలు మూలన పడున్నాయి, నెత్తి మీద తోలు లేదు. ఇంకో రెండు, మూడు రోజుల్లోపే పోయాయి. వాటికి పెద్దగా గాయాలు కూడా లేవు. చేతిలోకి తీసుకుని మెడ కింద తడిమితే మేత సంచి ఖాళీగా ఉంది. మేత గిన్నె దగ్గరికి రానివ్వక ఆకలితో పోయాయన్నమాట.

చాలా రోజులు మా అత్త మీద కోపంగానే ఉన్నాను. తర్వాత మా ఎర్రపెట్ట పొదిగి పిల్లల్ని లేపింది. అప్పుడు చూశాను. వేరే పెట్ట ఏదైనా ఆ పిల్లల దగ్గరికొస్తే చాలు, ఇది ఈకలు నిక్కబొడుచుకుని మీదికి దూకేది. పుంజు కూడా పక్కకు తప్పుకునేది. ఆ పిల్లలు మొదటి రోజు నుంచీ పెద్ద కోళ్ల మధ్యే తిరిగాయి. ఏ పెట్టకు ఎంత దూరంలో మెలగాలో తల్లి చాటునే నేర్చుకున్నాయి. ఆరేడు వారాలకు తల్లి వాటిని తరిమేసేసరికి ఆ గూటికి అవి కొత్తవి కావు.

మా అత్త ఇన్నేళ్లూ చూసిన పిల్లలు ఇట్లాంటివే. వాటి విషయంలో ఆమె మాట నిజం. నేను తెచ్చినవి మిషన్లో పొదిగిన పిల్లలు. వాటి తరపున ఈకలు నిక్కబొడిచే దిక్కు లేదు. అందుకే నేననేది ఒకటే. తల్లి లేని పిల్లల్ని తెచ్చుకుంటే తల్లి పని మనం చేయాలి. ఆ ఓపిక లేకపోతే తెచ్చుకోకూడదు.

పెద్ద కోళ్లు పొడిచేది కూడా ఊరికే కాదు. నార్వే దేశంలో షెల్డెరుప్ ఎబ్బే అనే ఆయన చిన్నప్పట్నుంచీ కోళ్లను గమనిస్తూ పెరిగి, 1920ల్లో ఒక విషయం రాశాడు. ప్రతి గుంపులో ఎవరు ఎవరిని పొడవచ్చో ఒక వరస ఉంటుందట. మొదట ఎవరు తినాలి, ఎత్తు మీద ఎవరు పడుకోవాలి అన్నీ ఆ వరస ప్రకారమే. కొత్తది వచ్చిందంటే ఆ వరస మళ్లీ తేలాలి. సమాన బలం ఉన్నప్పుడు రెండు పోట్లతో తేలిపోతుంది. కిలోన్నర పెట్టకూ, పిడికెడు పిల్లకూ మధ్య ఏం తేలుతుంది? పిల్ల తలొంచి పారిపోవాలి. మూసేసిన గూట్లో ఎక్కడికని పారిపోతుంది?

మిగిలిన పదకొండింటినీ నేను ఎట్లా కలిపానో చెబుతాను. గూటి పక్కన పాత ఇనుప జాలీ అడ్డం కట్టి పిల్లల్ని అవతల ఉంచాను. రెండు వారాలకు పైగా ఒకదాన్నొకటి చూసుకున్నాయే గానీ ముక్కు తగల్లేదు. ఈ ఎడం ఇంకో రకంగా కూడా మేలు చేస్తుంది. బయటినుంచి తెచ్చిన పిల్లల్లో రోగం ఉంటే ఆలోపు బయటపడుతుంది. పెద్ద కోళ్ల రెట్టలో ఉండే క్రిములు వాటిని ఏమీ చేయకపోయినా పిల్లలకు నెత్తురు విరేచనాలు తెప్పిస్తాయి. కాబట్టి నేల పొడిగా ఉంచి, నీళ్లు రోజూ మార్చాలి.

ఎనిమిది వారాలు దాటి పిల్లలు కాస్త ఎదిగాక, పగటిపూట పెరట్లో అన్నిటినీ కలిపి వదిలాను. ఒకటీ రెండూ కాదు, పదకొండూ ఒకేసారి. ఒంటరి పిల్ల అయితే పోట్లన్నీ దానికే పడతాయి. మేత, నీళ్లు రెండు చోట్ల పెట్టాను. టమోటా క్రేటు బోర్లించి నాలుగు మూలలా ఇటుకలు పెడితే, ఆ సందులో పిల్లలు దూరతాయి, పెట్టలు దూరలేవు. పిల్లల మేత అందులోనే. గుడ్ల కోళ్ల కోసం అమ్మే మేతలో సున్నం ఎక్కువ, అది తింటే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిసి ఉన్నన్నాళ్లూ అన్నిటికీ పిల్లల మేతే వేసి, పెట్టలకు నలగ్గొట్టిన గుల్ల విడిగా పెట్టాను. కొట్లాటలు తగ్గాక ఒక రాత్రి, పెట్టలు నిద్రపోయిన తర్వాత, పిల్లల్ని గూట్లోకి చేర్చాను. చీకట్లో కోళ్లకు కళ్లు సరిగ్గా కనపడవు. తెల్లారకముందే లేచి తలుపు తీశాను. ఒకదానికి నెత్తురు కనపడితే పసుపు, వేపనూనె రాసి పక్కన ఉంచాను. ఎరుపు కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.

అయినా మా నల్లపెట్ట ఒకటి మానలేదు. దాన్ని నాలుగు రోజులు గంప కింద విడిగా పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఇప్పుడు అదే కొత్తదయింది, పొగరు తగ్గింది.

ఆ గంప మూసేటప్పుడే నాకొకటి తట్టింది. సర్దుకోమనే మాట మనం ఎప్పుడూ చిన్నదానికే చెబుతాం. కొత్త కోడలికి చెబుతాం, బడి మారిన పిల్లకు చెబుతాం. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకూ చెప్పారు. పొడిచేదాన్ని నాలుగు రోజులు పక్కన పెడదామని ఎవరూ అనరు. అందరూ సర్దుకోవాల్సిందే, కాదనను. కానీ తినడానికి రెండో గిన్నె, పారిపోవడానికి ఒక సందు, పెద్దదాన్ని ఆపే ఒక చెయ్యి ఉంటేనే చిన్నది బతికి సర్దుకుంటుంది.

"కోళ్లకు ఇంత సేవా?" అని పక్కింటి అక్క నవ్వింది. పాత జాలీ, విరిగిన క్రేటు, నాలుగు ఇటుకలు. ఖర్చు ఏం లేదక్కా అన్నాను. పిల్లల్ని అమ్మేవాళ్లు బల్బు గురించి, చుక్కల గురించి చెబుతారు. ఇంట్లో పాత కోళ్లున్నాయా అని నన్నెవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి, రెండు మాటలు చెప్పుంటే నా నాలుగు పిల్లలు మిగిలేవి.

ఈ ఏడు మళ్లీ పిల్లలు తెద్దామంటే మా అత్తే ఉపాయం చెప్పింది. "పెట్ట పొదిగి ఇరవై దినాలైనప్పుడు తీసుకురా మ్మే. పుట్టి ఒకటి రెండు దినాలైన పిల్లల్నే తేవాల. రాత్రిపూట గుడ్లు తీసేసి రెక్కల కింద పెడితే తన పిల్లలే అనుకుంటాది" అంది. బల్బు కింద వారం పెరిగిన పిల్లలైతే తల్లి పిలుపు వినవట. పది పిల్లల్ని తెచ్చాం. ఆ రాత్రి టార్చి పట్టుకుంది నేను, ఒక్కోదాన్నే కిందికి తోసింది ఆమె. పొద్దున ఎర్రపెట్ట కొక్కొక్కమంటూ పదింటినీ వెంటేసుకుని బయటికొచ్చింది. నల్లపెట్ట దూరం నుంచి చూసి పక్కకు తప్పుకుంది.