పెన్షనర్ల స్వర్గం

కాకినాడను పెన్షనర్ల స్వర్గం అంటారు. మా ఊరివారు ఈ మాటను కొంత గర్వంగానూ, బయటివారు కొంత వెటకారంగానూ అంటూంటే చిన్నప్పటినుంచీ వింటున్నాను. స్వర్గానికి వెళ్ళే ముందు ఏం జరగాలో అందరికీ తెలిసినదే గనుక ఆ బిరుదు నాకెన్నడూ రుచించలేదు. ఇప్పుడు అమ్మను హైదరాబాదు తీసుకువచ్చేయాలని అన్నయ్యా నేనూ పట్టుబట్టిన తరువాత, ఆ మాటను మళ్ళీ తూచి చూసుకోవలసి వచ్చింది.

మా వాదనలో ఏముందో మీరు ఊహించగలరు. పెద్ద ఆసుపత్రులు, లిఫ్టు, ఇరవైనాలుగు గంటల కాపలా. అమ్మ అంతా విని, "అక్కడ నేను కూరలకు నడిచి వెళ్ళగలనా?" అని ఒక్క ప్రశ్న వేసింది. మా అపార్టుమెంటు గేటు దాటితే ఆరు వరుసల రోడ్డు. నేను జవాబు చెప్పలేదు.

రామారావుపేటలో ఆమె దినచర్య అంతా అరమైలు లోపలే. కూరలవాడు, మందుల కొట్టు, బ్యాంకు, గుడి. కాకినాడ వీధులు చాలావరకు రూళ్ళకర్రతో గీసినట్టుంటాయి. ఎక్కడ మలుపు తప్పినా మరుసటి అడ్డవీధి మళ్ళీ తెలిసిన చోటికే చేరుస్తుంది. చూపు మందగించిన వారికి ఇది ఎంత పెద్ద వసతో నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇక ఆటో ఎక్కితే, "ఆయ్, మీరు నెమ్మదిగా దిగండి మాస్టారమ్మగారూ" అని అతడే సంచీ అందుకుంటాడు. ముప్ఫైయేళ్ళు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఆమెకు ఒక పేరుంది. మా అపార్టుమెంటులో ఆమెకు ఫ్లాటు నంబరు ఉంటుంది.

ఈ ఊరు ఇంత నెమ్మదిగా ఎందుకుందో ఆలోచిస్తే నాకు ముందు రైలు గుర్తుకొస్తుంది. మద్రాసు-హౌరా ప్రధాన మార్గం సామర్లకోట మీదుగా సాగిపోతుంది. మనకు అక్కడినుంచి విడిపోయిన ఒక కొమ్మ మాత్రమే. కాకినాడను ప్రధాన మార్గంలో కలపాలన్న కోరిక దశాబ్దాల నాటిది. ఆ అన్యాయం గురించి కాలేజీ రోజుల్లో నేనూ ఆవేశపడ్డవాడినే. ఇప్పుడు అంత ఆవేశం లేదు. దారినపోయే జనం ఇక్కడ దిగరు, పనున్నవారే వస్తారు. గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు చేరుస్తూనే ఉంది కదా!

సముద్రం సంగతీ అంతే. గోదావరి మోసుకొచ్చిన ఇసుక మేటవేసి హోప్ దీవి ఏర్పడింది. అది అడ్డుగా ఉండబట్టే మన రేవులో నీరు చెరువులా ఉంటుంది. ఆ అడ్డు లేని ఉప్పాడలో మాత్రం కెరటాలు ఇళ్ళనూ రోడ్డునూ ఏళ్ళ తరబడి కోసుకుపోతున్నాయి. మనం ప్రశాంతమైన తీరం అని మురిసిపోయేటప్పుడు ఆ కొన్ని మైళ్ళ దూరాన్ని మరచిపోతాం. 1839 తుపానులో కోరంగి రేవు నాశనమైంది. కాకినాడ రేవు పెరిగింది ఆ తరువాతే. 1996 నవంబరు 6 రాత్రిని చూసినవారెవరూ ఈ సముద్రం నెమ్మదైనదని గట్టిగా అనలేరు.

నేను ఊరిని పొగడడానికి కూర్చోలేదు. వేసవిలో కాలువలు కట్టేస్తే నీటికి కటకట. వాన పడితే పల్లపు వీధుల్లో మోకాలిలోతు మురుగు. దోమల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో వ్యాసం అవుతుంది. 2016లో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో ఊరి పేరు చూసి మా అన్నయ్య మిఠాయి పంచాడు. మా వీధి కాలువ మీద మూత మాత్రం అప్పటిలాగే విరిగి ఉంది.

అసలు భయం వేరు. పోయిన మాఘమాసంలో ఒక రాత్రి అమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. పక్కింటివారు పది నిమిషాల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. అక్కడ, ఈ వేళప్పుడు డాక్టరుగారు ఉండరు, విశాఖ తీసుకువెళ్ళండి అన్నారట. విశాఖ సుమారు 150 కిలోమీటర్లు. అదృష్టవశాత్తూ అది గుండెపోటు కాదు. ఆ ఫోను పట్టుకుని హైదరాబాదులో నేను కూర్చున్న రెండు గంటలను ఏ వాదంతోనూ చెరిపివేయలేను. 1958 నుంచి రంగరాయ వైద్య కళాశాల డాక్టర్లను తయారుచేస్తున్న ఊరిది! ఇంజనీర్లనూ తయారుచేస్తుంది. నన్నూ చదివించింది. చదివించి మమ్మల్ని సాగనంపింది, తల్లిదండ్రులను తన దగ్గర ఉంచుకుంది. ఆ వీధుల్లోని నిశ్శబ్దంలో మా లేమి కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి.

కనుక ఇంకో షాపింగ్ మాలు కావాలని నేను అడగను. రాత్రి రెండింటికి మేలుకుని ఉండే ఒక గుండె వైద్యుడు ప్రతి పేటకూ అందుబాటులో ఉండాలి, ముసలివారు కాలుజారి పడకుండా కాలువల మీద మూతలుండాలి. వృద్ధులు ఇంతమంది ఉన్న ఊరు మొదట కోరవలసినవి ఇవి. ఇవి లేకుండా స్వర్గం అనడం, నా మట్టుకు నాకు, కొంచెం తొందరపాటు.

అమ్మ రానని తేల్చి చెప్పింది. పక్కింటివారి దగ్గర ఇంటి తాళంచెవి ఇంకొకటి ఉంచడానికి, రోజూ రాత్రి పడుకునే ముందు ఫోను చేయడానికి మాత్రం ఒప్పుకుంది. అన్నయ్య ఇంకా రాజీపడలేదు; సంక్రాంతికి వచ్చి మళ్ళీ అడుగుతాడట. నన్ను మాత్రం వచ్చేటప్పుడు మంచి దోమతెర ఒకటి పట్టుకు రమ్మంది.