అధికారితోపాటే ‘మెయిల్’ బదిలీ!

మండల కార్యాలయంలో అధికారి బదిలీ అయితే బీరువా తాళాలు, దస్త్రాలు, నగదు పుస్తకం సరిచూసి కొత్తవారికి అప్పగిస్తారు. సంతకాలు జరుగుతాయి. ఏళ్లతరబడి వచ్చిన ఈ-మెయిళ్ల ఊసు మాత్రం ఆ జాబితాలో చాలాచోట్ల ఉండదు. ఆ ఖాతా కార్యాలయానిది కాకపోవడమే కారణం. ఎప్పుడో ఒక కంప్యూటర్ ఆపరేటర్ తన సెల్ నంబరుతో తెరిచిన ఉచిత జీమెయిల్ అది. ఆయన ఉద్యోగం మానేసినా పాస్‌వర్డ్ మార్చేందుకు కావాల్సిన ఓటీపీ ఆయన జేబులోని ఫోన్‌కే వెళుతుంది.

ఉచిత సేవను ఎంచుకున్న సిబ్బందిని తప్పుపట్టలేం. అలవాటైన తెర, 15 జీబీ స్థలం. అయితే ఆ స్థలం మెయిల్‌కు, డ్రైవ్‌కు, ఫొటోలకు ఉమ్మడిది. స్కానింగ్ పత్రాలతో అది నిండితే కొత్త మెయిళ్లు రావు. పైకార్యాలయం నుంచి తాఖీదు వచ్చాకగానీ ఆ సంగతి ఇక్కడివారికి తెలియదు.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ‘సమాచారం’ నిర్వచనంలోనే ఈ-మెయిళ్లను చేర్చింది. ఇళ్ల స్థలం దరఖాస్తు ఏమైందని ఒక రైతు అడిగితే 30 రోజుల్లో బదులివ్వాలి. ఉత్తరం ఎవరి ఖాతాలో ఉందో తెలియని పౌర సమాచార అధికారి ఏమని రాస్తారు?

కేంద్రం 2015 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ-మెయిల్ విధానం దీనికి దారి చూపింది. పేరుతో ఒకటి, హోదాతో ఒకటి చొప్పున రెండు చిరునామాలు ఉండాలంది. హోదా చిరునామా కుర్చీతోనే ఉంటుంది. ప్రభుత్వ మెయిళ్లను సొంత ఖాతాలకు మళ్లించుకోరాదనీ చెప్పింది.

చిరునామా ఒక్కటే చాలదు, దాన్ని తెరిచే సాధనమూ ముఖ్యమే. పాత కంప్యూటర్లలో ‘పాప్’ పద్ధతి పెట్టి ఉంటే మెయిల్ సర్వర్ నుంచి ఆ యంత్రంలోకి దిగిపోతుంది. ప్రత్యేకంగా మార్చకుంటే సర్వర్‌లో చెరిగిపోవడమే ఎక్కువ. హార్డ్‌డిస్క్ చెడితే ఆ ఉత్తరాలకు దిక్కులేదు. కరెంటు హెచ్చుతగ్గులుండే ఊళ్లలో అదేమంత అరుదు కాదు. ‘ఐమ్యాప్’ పద్ధతిలో ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది. సూపరింటెండెంటు, ఆపరేటర్ ఇద్దరికీ ఒకటే పెట్టె కనిపిస్తుంది. థండర్‌బర్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. నెట్ నిలకడగా ఉంటే బ్రౌజర్‌లో తెరిచినా ఇబ్బంది లేదు.

పెద్ద వ్యవస్థలూ ఇప్పుడు ఇదే ఎంపికలో ఉన్నాయి. కేంద్ర ఉద్యోగుల సుమారు 12 లక్షల ఖాతాలు 2025 నాటికి చెన్నై సంస్థ జోహో వేదికకు మారాయి. చిరునామాలు మాత్రం పాతవే. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్, అవుట్‌లుక్‌లను వదిలి 40 వేలకు పైగా పెట్టెలను ఓపెన్-ఎక్స్చేంజ్, థండర్‌బర్డ్‌లకు మార్చింది.

మండల కార్యాలయానికి అంత ఖర్చు అక్కర్లేదు. హోదా చిరునామా కోసం జిల్లా కేంద్రంలోని ఎన్‌ఐసీ విభాగాన్ని సంప్రదించవచ్చు. పాత జీమెయిల్‌లోని ఉత్తరాలను ఆపరేటర్ ఉద్యోగంలో ఉండగానే దించి భద్రపరచాలి. ఛార్జి అప్పగింత పత్రంలో తాళాల వరుస కిందే మెయిల్ ఖాతాకూ ఒక గడి పెట్టాలి.