కుందేటికి ఎన్ని కాళ్ళు?

కంటితో చూసినది నమ్ము, చెవితో విన్నది నమ్మకు అని మన పెద్దలన్నారు. ఛాయాచిత్రం ఈ రెంటికీ నడిమి జాతి. చూసేది మన కన్నే కాని, చూపించేది మరొకరు. అందుకే దాని మీద తగవు ఒక పట్టాన తెగదు.

2010 డిసెంబరు చివరలో చైనాలోని చెంగ్డూ విమాన కర్మాగారం నుండి కొన్ని మసక చిత్రాలు అంతర్జాలంలోకి వచ్చాయి. నల్లని మేను, ముందుభాగాన రెండు చిన్న రెక్కలు, వాలుగా నిలిచిన జంట తోకలు. అదే జె-20 యుద్ధవిమానం. విమానప్రియులు వెంటనే రెండు పక్షాలయ్యారు. కంప్యూటరుపై అల్లిన బొమ్మ అని ఒకరు, కాదని మరొకరు. అభిమానులు గీసిన ఊహాచిత్రాలు అంతకుముందే ఎన్నో తిరిగాయి కనుక సందేహించడం తప్పు కాదు.

అయితే ఆ సందేహంలో కొంత కోరిక కూడా కలిసిందని నా అభిప్రాయం. 2009 జూలైలో అమెరికా రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్, ఎఫ్-22ల తయారీని 187 దగ్గర ఆపడాన్ని సమర్థిస్తూ, 2020 నాటికి చైనా వద్ద అయిదవ తరం యుద్ధవిమానం ఒక్కటీ ఉండదన్న అంచనాను ఉటంకించారు. అంటే బొమ్మ నిజమైతే ఒకరి లెక్క తప్పుతుంది, అబద్ధమైతే మరొకరి ఆశ కూలుతుంది. ఇక ఎవరు పట్టిన కుందేటికి వారు మూడే కాళ్ళు చూశారంటే వింతేముంది?

2011 జనవరి 11న, గేట్స్ బీజింగులో ఉన్న రోజునే, ఆ విమానం తొలిసారి గాలిలోకి లేచింది. 2017లో చైనా వాయుసేనలో చేరింది.

అలాగని వచ్చిన ప్రతి చిత్రాన్నీ నమ్మేయాలా? అదే 2011 జనవరిలో చైనా ప్రభుత్వ టెలివిజన్ తమ వాయుసేన విన్యాసాలంటూ కొన్ని దృశ్యాలు చూపింది. అందులోని ఒక పేలుడు 1986 నాటి హాలీవుడ్ చిత్రం 'టాప్ గన్' లోని పేలుడుతో అచ్చుగుద్దినట్టు ఉందని పట్టుకున్నది చైనా నెటిజనులే. 2013 ఫిబ్రవరిలో ఇరాన్ ప్రదర్శించిన ఖాహెర్-313 సంగతీ ఇటువంటిదే. మంచుకొండ మీదుగా ఎగురుతున్నట్టు వచ్చిన చిత్రంలోని విమానం, నేల మీద నిలిపి తీసిన చిత్రంలోని విమానం, కోణంలోనూ వెలుతురులోనూ ఒక్కటేనని పరిశీలకులు తేల్చారు.

గమనించండి, మసక చిత్రం నిజమైంది, ప్రభుత్వ ముద్రతో వచ్చినవి తేలిపోయాయి. ఒకే దేశం, ఒకే నెల, రెండు రకాల ఫలితాలు. కాబట్టి చిత్రం స్పష్టత చూసి గాని, ఇచ్చినవాడి పేరు చూసి గాని తీర్పు చెప్పడం కుదరదు. వేర్వేరు చేతులు, వేర్వేరు రోజులలో, వేర్వేరు కోణాలలో తీసిన చిత్రాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా? పక్కన నిలబడ్డ మనిషి ఎత్తుతో విమానం పొడవు సరిపోతోందా? నీడలన్నీ ఒకే సూర్యుడివేనా? ఇవీ అడగవలసిన ప్రశ్నలు.

ఇంకొక్కటి. నమ్మేవాడికి ఎంత బాధ్యత ఉందో, నమ్మనివాడికీ అంతే ఉంది. "ఏ ఆధారం చూపితే నేను మాట మార్చుకుంటాను?" అన్నది వాదానికి ముందే చెప్పగలగాలి. అది చెప్పలేనివాడు పరీక్షిస్తున్నది చిత్రాన్ని కాదు, తన పంతాన్ని. అడిగినదే తడవుగా యంత్రాలు బొమ్మలు అల్లిపెడుతున్న ఈ రోజులలో "అంతా బూటకమే" అనడం మహా సులువు. ఆ మాట వల్ల ఎక్కువగా లాభపడేది నిజాన్ని దాచదలచినవారే. మీరేమంటారు?